గోరింట కొమ్మ సాక్ష్యం

తీర్పు వచ్చి ఆ గురువారానికి ఇరవై తొమ్మిది రోజులు. అప్పీలుకు గడువు ముప్పై రోజులు. మిగిలిన ఆ ఒక్క రోజులో సాలమ్మ ఇంటిని ఎలా నిలబెట్టాలో ఎవరికీ తోచడం లేదు. తోచాల్సిన పెద్దమనిషి, అంటే డిటెక్టివ్ పరశురాం, పొద్దున్న తొమ్మిది పదికి తార్నాకలోని సాలమ్మ మెస్సులో బెంచీ మీద కూర్చుని దోసకాయ పప్పు రెండోసారి వేయించుకుంటున్నాడు.

ఆయన్ని తప్పు పట్టకండి. కడుపు ఖాళీగా ఉంటే ఆయన బుర్ర ఒక్క అడుగు కూడా కదలదు. ఇరవై రెండేళ్ళు సివిల్ కోర్టులో అమీనాగా పనిచేసిన మనిషి. డిక్రీ కాగితం చేతపట్టుకుని వెళ్ళి జనాన్ని ఇళ్ళు ఖాళీ చేయించే ఉద్యోగం అది. ఒకరోజు ఓ ముసలావిడ పొయ్యి మీద ఉడుకుతున్న అన్నాన్ని గిన్నెతో సహా వీధిలో పెట్టించాల్సి వచ్చింది. మర్నాడే రాజీనామా ఇచ్చేసి లాలాపేట్‌లో డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాడు. అప్పట్నుంచీ ఆయన పని తలుపుకి లోపలివైపు ఉన్నవాళ్ళ పక్షానే.

చెవి దగ్గర ఫోన్లో ప్లీడరు శామ్యూల్ మొత్తుకుంటున్నాడు.

"ఒక్క కాగితం పరశురాం, ఒకే ఒక్కటి! రెండు వేల పన్నెండుకు ముందు సాలమ్మ గా ఇంట్ల ఉన్నదని చెప్పే కాగితం. రేపు సాయంత్రం లోపల అప్పీలైతే వేస్త. కానీ వట్టి చేతుల్తోని పోతే స్టే రాదు. స్టే రాకపోతే ఇల్లు పోతది."

"తెస్తనన్న. జర పప్పు తిననియ్యి," అని ఫోను పెట్టేసి పరశురాం తలెత్తాడు. "అక్కా, మల్ల మొదటికెళ్ళి చెప్పు. దావా ఏసిన రత్నాకర్ కోర్టుల ఏమన్నడు?"

సాలమ్మ గరిటె గిన్నె అంచుకి కొట్టింది. అరవై దాటినా గొంతు తగ్గలేదు ఆవిడకి.

"ఏమంటడు సారు! రెండు వేల పదిల జాగ కొన్ననన్నడు. గప్పుడు గీడ గడ్డిపోస గూడ లేదన్నడు. పన్నెండుల రూములు కట్టి నన్ను కాపలాకు పెట్టుకున్ననన్నడు. గంతకు ముందు గీ గల్లిల అడుగే పెట్టలేదని ప్రమాణం చేసిండు."

"నువ్వేమన్నవు?"

"తొంభై ఆరుల మా ఆయన వీరస్వామి కొన్నడన్న. కాగితమేదని అడిగిన్రు జడ్జిసారు. తెల్లకాగితం మీద రాసుకున్నది, చెదలు తిన్నయన్న. చెదలను తెచ్చి సాక్ష్యం చెప్పియ్యరాదాయె!"

మెస్సులో కుర్రాళ్ళు గొల్లున నవ్వారు. సాలమ్మ కూడా నవ్వింది. ముప్పై ఏళ్ళుగా యూనివర్సిటీ పిల్లలకి అన్నం పెడుతున్న ఇల్లు రేపోమాపో పోతుందంటే, ఆ నవ్వు నవ్వడానికి ఎంత గుండె కావాలో పరశురాంకి తెలుసు.

"నాకు ఒక్కటే సమజైతలేదక్కా. తార్నాకల ఇన్ని ఇండ్లుండంగ, గీ ఒక్క ఇంటికే రిజిస్ట్రేషన్ లేదని గాయనకు ఎట్ల తెలిసింది?"

"ఏమో సారు. ఆయన పోయినంక నేనెవ్వరికి చెప్పలే."

"ఆయన బతికున్నప్పుడు?"

"అగ్గో, ఆయన నోరు ఆగుతదా? తినే పిల్లగాండ్లందరికి చెప్పేటోడు. మీలెక్క సదువుకుంటే పక్కా కాగితం చేయించుకుందును బిడ్డా అని."

పరశురాం ఆ మాటని చొక్కా జేబులో వేసుకున్నట్టు మనసులో వేసుకున్నాడు. కళ్ళు గోడ మీదికి వెళ్ళాయి. గోడకి పొడుగాటి చెక్క, చెక్కకి వరసగా మేకులు. ఒక్కో మేకుకి ఒక్కో మెస్ కార్డు. భోజనం చేసినప్పుడల్లా సాలమ్మ ఎర్ర పెన్సిలుతో గీత పెడుతుంది. ప్రతి కార్డుకీ పైన చిల్లు, చిల్లు చుట్టూ మేకు తుప్పు.

"పాత కార్డులేం చేస్తవు?"

"నెల కాంగనే పొయ్యిల పెడ్త. ఇంకేం జేస్తరు?"

ఆశ అక్కడితో పొయ్యిలో పడింది. సరిగ్గా అప్పుడే పక్క బెంచీ నుంచి ఒక గొంతు లేచింది.

"ఏమ్మా, పెరుగులోకి రవ్వంత చక్కెర ఉండాదా?"

పరశురాం తిరిగి చూశాడు. చూసి నిట్టూర్చాడు. తెల్ల సఫారీ, రంగేసిన మీసం, ఒళ్ళో నల్ల కళ్ళద్దాలు. విష్ణువర్ధన్! కర్నూలు వైపు సీఐగా చేసి రిటైరై, ఇప్పుడు డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతున్నాడు. రత్నాకర్ మనిషి. శత్రువు ఇంట్లో కూర్చుని వేళ్ళు నాకుతున్నాడు.

"నువ్వేంది గీడ?"

"తిండికి పార్టీ యేమి సామీ? ఈయమ్మ వంట బాగుంటాదని విన్యా. వచ్చినా." విష్ణువర్ధన్ బల్ల మీదా, కిటికీలోనూ, నీళ్ళ కుండ వెనకా చక్కెర కోసం వెతికాడు. దొరకలేదు.

సాలమ్మ నవ్వుతూ వెళ్ళి తెరిచి ఉన్న వంటింటి తలుపుని కాస్త లాగి, దాని వెనక గోడలో ఉన్న గూట్లోంచి డబ్బా తీసింది. "చీమల బాధకు గీడ దాస్త సారు. కొత్తోల్లకు దొరకది."

పరశురాం చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. అక్కడ గోడ పక్కన గోరింట చెట్టు, పిడికిళ్ళు రెండు కలిపినంత మాను. దానికి ఆనుకుని మునగ, పందిరి మీద బచ్చలి. హాస్టలు అమ్మాయిలు ఇద్దరు గోరింటాకు దూస్తున్నారు.

"గీ చెట్టెప్పటిది అక్కా?"

"ఇల్లు కట్టినప్పటిది. గీ పిల్లలు నయం, రెండు రెమ్మలు తెంపుతరు. ఒకప్పుడు ఆకుల పిల్ల ఒకతి ఉండె. మేక వడ్డట్టు ఒక్క పొద్దుల పెరడంత దులిపింది. గోరింట, మునగ, బచ్చలి... అట్టలకు అంటించి కాలేజిల ఇయ్యాలన్నది. మా చిన్నోడు శ్రావణ్ గాడు నడకలు నేర్చిన ఏడు. పేరు యాదికి లేదు. పప్పుల నిమ్మకాయ పిండుకునేది. నాకు పేర్లు ఉండయి సారు, తిండే యాదికుంటది."

"శ్రావణ్ పుట్టింది?"

"రెండు వేల రెండు."

అంటే అది రెండు వేల మూడు! పరశురాం తడి చేతిని చొక్కాకే తుడిచేసుకుని బయటికి పరుగెత్తాడు. అప్పటికి, పెరట్లో మాటలన్నీ విన్న విష్ణువర్ధన్ బెంచీ ఖాళీ. పెరుగు గిన్నె కూడా ఖాళీ. వీధి మలుపులో తెల్ల కారు వెనక భాగం మాత్రం కనిపించింది.

* * *

క్యాంపస్‌లో వృక్షశాస్త్ర విభాగానికి హెర్బేరియం అని ఒక గది ఉంది. ఎండబెట్టిన మొక్కల్ని అట్టలకు అతికించి, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు కోశారో చీటీ అంటించి, ఇనప బీరువాల్లో దాచే చోటది. పది ముప్పై అయిదుకి పరశురాం స్కూటరు దిగి లోపలికి వెళ్ళేసరికి కలరా ఉండల వాసనకి తుమ్ము వచ్చింది. ఆ తుమ్ముకి విష్ణువర్ధన్ "చిరంజీవ" అన్నాడు. అప్పటికే పావుగంటగా అక్కడే ఉన్నాడు.

బల్లకి అటువైపు హెర్బేరియం బాధ్యత చూసే ప్రొఫెసరు నిలబడి ఉంది. నలభై దాటిన మనిషి, నూలు చీర, చేతిలో స్కేలు. స్కేలుతో బల్ల మీద కొడుతోంది, కానీ కోపంతో కాదని పరశురాంకి అర్థమైంది. ఆమె ఎవరి మొహమూ చూడటం లేదు.

"ఆలస్యమైపోయినావప్పా," అన్నాడు విష్ణువర్ధన్. బల్ల మీద గోరింట కొమ్మ అతికించిన అట్ట ఉంది. పక్కన మునగ, బచ్చలి, బొప్పాయి అట్టలు. "నీ ఆకుల పిల్ల దొరికినాది. రెండు వేల మూడు, సెప్టెంబరు ఇరవై ఒకటి. ఎక్కడ కోసినాదో చూడు. చదువు, చదువు!"

పరశురాం వంగి చదివాడు. 'అనంతగిరి కొండలు, వికారాబాదు. దట్టమైన అడవి.'

ఆ వరసని మళ్ళీ చదివాడు.

"తార్నాక కాదు, ఎవరి పెరడూ కాదు," విష్ణువర్ధన్ సెల్లుతో చీటీని ఫొటో తీసుకున్నాడు. "మీ ప్లీడరు ఈ ఆకుల కథ కోర్టులో ఎత్తితే ఈ ఫొటో నేనే పెడతా. ముసలామె చెప్పేదంతా కట్టుకథ అని తేలిపోతాది. వస్తా సామీ. రేపు సాయంత్రం టీ నా ఖర్చు."

"గంత ఖుషీ ఎందుకు సారు? నిజం ఏందో నీకు గూడ తెలుసు."

విష్ణువర్ధన్ గుమ్మంలో ఆగాడు. మొహంలో వేళాకోళం తగ్గింది. "నాకు తెలిసింది మా సారు చెప్పినదే. రెండు వేల పదికి ముందు ఆయప్ప ఆ వీధి మొహమే చూడలేదన్నాడు. నేను ఆయప్ప మొహం మీద అడిగినా, నా మొహం మీద చెప్పినాడు. అబద్ధానికి పనిచేసేవాణ్ణి కాదు నేను." పదకొండు గంటల అయిదు నిమిషాలకి బూట్ల చప్పుడు మెట్లు దిగిపోయింది.

పరశురాం వెళ్ళలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నాలుగు అట్టల్నీ ఒకదాని తర్వాత ఒకటి చూశాడు. చూస్తూ చూస్తూ ఆయన పెదవి చివర నవ్వు మొదలైంది.

"మేడం, నేను సదువుకున్నోన్ని కాదు, ఒక డౌటు. గోరింట, మునగ, బొప్పాయి, బచ్చలి. నాలుగు ఒక్క రోజే, ఒక్క అడవిలనే. గా అడవిల ఎవరో పొయ్యి పెట్టి వంట జేసుకుంటున్నట్టున్నది!"

ప్రొఫెసరు స్కేలుతో బల్ల మీద ఇంకా వేగంగా కొట్టింది.

"గా రోజు అనంతగిరి టూరు నిజంగనే ఉండెనా?"

"ఉండె."

"బస్సు ఎన్నింటికి?"

"పొద్దున అయిదున్నరకు."

"అందరు ఎక్కిన్రా?"

స్కేలు ఆగిపోయింది. పరశురాం చీటీలో చివరి వరస మీద వేలు పెట్టాడు. విష్ణువర్ధన్ తనకి కావలసిన వరస దొరకగానే చదవడం ఆపేశాడు. దాని కింద సేకరించినవారి పేరుంది. ఆ పేరే బయట తలుపు మీద ఇత్తడి పలకపై కూడా ఉంది. 'ప్రొఫెసర్ జి. అమల.'

"పప్పుల నిమ్మకాయ పిండుకునేది మీరేనా మేడం?"

అమల రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. ఏడుస్తోందనుకున్నాడు పరశురాం. భుజాలు కదులుతున్న తీరు చూస్తే తెలిసింది, ఆవిడ నవ్వుతోంది. సిగ్గుతో, భయంతో, ఇరవై రెండేళ్ళ బరువు ఒక్కసారి జారిపోతున్న సుఖంతో నవ్వుతోంది.

"అలారం మోగలేదండి! లేచి చూస్తే ఏడున్నర. బస్సు ఎప్పుడో పోయింది. నాలుగు షీట్లు ఇవ్వకపోతే ఫెయిల్. అందుకే సాలమ్మ పెద్దమ్మ పెరట్ల పడ్డ. చీటీల మీద మాత్రం అనంతగిరి అని రాసిన. అప్పటి మా సారు కళ్ళు సరిగ కనపడని మనిషి. స్టాంపు వేసి బీరువాల పెట్టేసిండు. ఆ షీట్లను తీసేద్దామని ఎన్నిసార్లు అనుకున్ననో తెలుసా? రికార్డు కదా, చెయ్యి రాలేదు. ఏటా మొదటి క్లాసుల, ఎక్కడ కోసిన్రో నిజం రాయండి అని పిల్లల మీద అరుస్త. అరిచినప్పుడల్లా ఈ గోరింటే గుర్తొస్తది."

"సాలమ్మక్క ఇల్లు పోతున్నది మేడం."

అమల నవ్వు ఆగిపోయింది. ఆమెకు కేసు సంగతి తెలియదు. పరశురాం నాలుగు మాటల్లో చెప్పాడు. ఖాళీ జాగ, కాపలా మనిషి, చెదలు తిన్న కాగితం, రేపటి గడువు.

"ఖాళీ జాగనా?" అమల గొంతు లేచింది. "నాకు జ్వరం వస్తే పది రోజులు జావ పంపింది ఆ ఇంట్లకెళ్ళే! ఎక్కడ సంతకం పెట్టాలె? నేను అబద్ధం రాసిననని కోర్టుల చెప్త. రేపు క్లాసుల కూడ నేనే చెప్త. పోతే పరువే కదా పోయేది."

పరశురాంకి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. కానీ లోపలున్న పాత కోర్టు మనిషి తల అడ్డంగా ఊపాడు. అబద్ధం రాశానని ఒప్పుకున్న సాక్షిని రత్నాకర్ ప్లీడరు ఊరికే వదలడు. అప్పుడు అబద్ధమా, ఇప్పుడు అబద్ధమా అని అడుగుతాడు. మాట చాలదు, వస్తువు కావాలి.

ఆయన మళ్ళీ గోరింట అట్ట మీదికి వంగాడు. కొమ్మ, ఎండిన ఆకులు, గుండ్రటి స్టాంపు. కింది మూలలో అతికించిన చిన్న పొట్లం.

"ఇదేంది?"

"రాలిపోయే గింజలు, కాయలు అందుల పెడ్తం. పారేయొద్దని రూలు."

పరశురాం మిగిలిన మూడు అట్టల పొట్లాలు చూశాడు. పల్చటి తెల్ల కాగితం. గోరింటది మాత్రం దళసరిగా, పసుపు రంగు తిరిగి ఉంది. మడత మీద గుండ్రంగా చిన్న చిల్లు.

"మేడం, గింజలు దాచే పొట్లానికి ఎవరన్న చిల్లు పెడ్తరా?"

"పెట్టరు. గింజలు కారిపోతయి కదా."

"మరి గీ చిల్లు చుట్టూ గోధుమరంగు ఏంది?"

అమల భూతద్దం తెచ్చి చూసింది. "తుప్పు."

పరశురాం భూతద్దం అందుకుని తనూ చూశాడు. ఆ పొద్దున గోడ మీద చూసిన మేకుల వరస కళ్ళముందు నిలిచింది. "మేకు తుప్పు మేడం! మీరు దేనితోని చేసిన్రు ఈ పొట్లం?"

అమల కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకుంది. "తెల్ల కాగితాలు మూడే ఉండె. నాలుగోదానికి... పెద్దమ్మ పొయ్యి పక్కన పాత కార్డుల కట్ట ఉండె. అంటించడానికి పెట్టుకున్నది. అందుల ఒకటి తీసుకొని, రాత లోపలికి పోయేటట్టు మడిచిన!"

"తెరువుండ్రి."

"ఆగండి. ఊరికే తెరవొద్దు." ఇప్పుడామె పూర్తిగా ప్రొఫెసరు. రిజిస్టర్ తీసి తేదీ, టైము రాసింది. పన్నెండు నలభై. ఆఫీసు నుంచి ఇద్దరు ఉద్యోగుల్ని సాక్ష్యానికి పిలిపించింది. సెల్లు నిలబెట్టి వీడియో పెట్టింది. కింద తెల్ల పళ్ళెం పెట్టి పట్టకారుతో మడత ఎత్తబోతుండగా తలుపు కిర్రుమంది.

"నా చత్వారం అద్దాలు ఈడ మర్చిపోయినా," అంటూ విష్ణువర్ధన్ వచ్చి, ఆగిపోయాడు. "ఏం జరుగుతాంది?"

"రా సారు, మంచి టైముకొచ్చినవు," అన్నాడు పరశురాం.

మిరియాల్లాంటి గోరింట కాయలు పళ్ళెంలోకి టపటపా రాలాయి. మడత విడింది. సాలమ్మ మెస్, తార్నాక, స్ట్రీట్ నంబర్ తొమ్మిది. ఆగస్టు 2003. ఎర్ర పెన్సిలు గీతలు నిన్న పెట్టినట్టున్నాయి.

పరశురాం గట్టిగా ఈల వేశాడు. ప్రొఫెసరు ఆయన్ని తిట్టలేదు. ఇరవై రెండేళ్ళు ప్రభుత్వ బీరువాలో, స్టాంపు కింద, తాళం వెనక ఉన్న కాగితం. దీన్ని నిన్న పుట్టించారని ఎవరూ అనలేరు.

"ఆ కార్డు ఇట్లియ్యండి," విష్ణువర్ధన్ చెయ్యి చాపాడు. ఆ చేతి మీద స్కేలు ఠపీమని పడింది.

"డిపార్ట్‌మెంటు ఆస్తి! చూడాలంటే కండ్లతోని చూడండి."

విష్ణువర్ధన్ చెయ్యి రుద్దుకుంటూ, అద్దాలు పెట్టుకుని వంగాడు. అలాగే ఉండిపోయాడు.

"ఏందయ్య?" పరశురాం కూడా వంగాడు.

పేరు రాసే చోట అమల పేరు లేదు. పొయ్యి దగ్గరి కట్టలోంచి చేతికొచ్చిన కార్డు కదా, అది వేరే ఎవరిదో. 'ఎస్. రత్నాకర్, ఎం.ఏ. మొదటి సంవత్సరం, రూము 47.' కింద సంతకం, చివర పొడుగాటి తోక. పరశురాం సంచిలోంచి దావా నకలు తీసి పక్కన పెట్టాడు. అదే సంతకం, అదే తోక.

ఆ వీధిలో అడుగే పెట్టలేదన్న మనిషి ఎర్ర గీతల లెక్కన ఆ నెల యాభై మూడు పూటలు అక్కడ భోజనం చేశాడు. వీరస్వామి చెప్పిన తెల్లకాగితం ముచ్చట ఏ చెవిన పడిందో పరశురాంకి ఇప్పుడు అర్థమైంది.

"నా మొహం మీద చెప్పినాడే," అన్నాడు విష్ణువర్ధన్ మెల్లగా. "నా మొహం మీదనే!"

కార్డు అంచున వీరస్వామి వంకర రాతలో ఇంకో మాట ఉంది. 'పెరుగుల చక్కెర.'

పరశురాం నవ్వాపుకోలేక సాలమ్మకి ఫోను కొట్టి స్పీకరు పెట్టాడు. "అక్కా! దొరికింది! ఒక్క మాట చెప్పు, పెరుగుల చక్కెర ఏసుకునే పిల్లగాడు ఎవడన్న యాదికున్నడా?"

అవతల గిన్నెల చప్పుడు. తర్వాత సాలమ్మ గొంతు, బాగా తగ్గించి.

"మీకే ఫోను చేద్దామనుకుంటున్న సారు. గా రత్నాకర్ వచ్చిండు. టేపు పట్టుకొని గోడలు కొలుస్తుండె. ఎండకు మొకం వాడిపోయింది. ఎవడైతేంది, అన్నం యాళ్ళకు వచ్చిండని కూసోబెట్టిన. అందరి నడుమనే తింటున్నడు. పెరుగేసి ఇట్ల తిరిగిన..."

"ఆఁ?"

"కూసున్న కాడికెళ్ళే, సూడకుండనే, తలుపు ఎనుక గూట్లకు చెయ్యి పెట్టి చక్కెర డబ్బ తీసుకున్నడు సారు. పిల్లగాండ్లందరు సూసిన్రు. మాట మార్చిండు, మీసం మార్చిండు. చెయ్యి మాత్రం మర్వలే."

విష్ణువర్ధన్ కారు తాళాలు తీసి పరశురాం చేతిలో పెట్టాడు. "నీ స్కూటరు మీద లేటవుతాది. పదండి, నేనూ వస్తా. ఆయప్పను ఒక మాట అడగాల."

అమల రిజిస్టర్‌నీ గోరింట అట్టనీ గుండెకి హత్తుకుని అప్పటికే మెట్లు దిగుతోంది.

"అక్కా," అన్నాడు పరశురాం ఫోన్లో, "ఇంకింత పెరుగు వెయ్యి. మేం వచ్చేదాక లేవనియ్యకు."